‘అ’కూ ‘ఆ’కూ మధ్య ఉన్న భూమి

ముస్తాబాద్‌లో ఏ జిరాక్స్ షాపు ముందు కాసేపు నిలబడ్డా ఒక మాట చెవిన పడుతుంది: “స్కానింగుకు మల్ల పైసలెందుకే? ఫోన్ల ఫోటో కొట్టు, వాట్సాప్‌ల పెట్టు, అయిపాయె.” పోతుగల్ నుంచి వచ్చిన రైతు ఈ మాట అంటాడు. దుబాయి ప్రయాణం కట్టిన పిలగాడు అంటాడు. దరఖాస్తులు నింపే ఆపరేటరు కూడా అంటాడు. చదువుకున్నవాళ్లు దీన్నే ఇంకొంచెం నాజూకుగా చెప్తారు: “డిజిటల్ అయ్యాక ఎందులో తీసినా ఒకటే కదా!”

ఒకటి కాదు. ఈ మాటను ఇన్నేళ్లుగా అందరమూ తలూపుతూ విన్నాం. దాని నష్టం మాత్రం కాగితం తప్ప ఇంకో ఆధారం లేనివాళ్ల మీదే పడుతోంది. అందుకే దీన్ని ముక్క ముక్కగా విడదీసి ఖండించాలనుకుంటున్నాను.

మొదట మన సర్వే నంబరే చూడండి. అన్నదమ్ములు భూమి పంచుకున్నప్పుడు మన దగ్గర సర్వే నంబరును అచ్చులతో విడగొడతారు. ఒకరిది 212/అ అయితే ఇంకొకరిది 212/ఆ. పిల్లల కాలానికి అది 212/ఆ/1, 212/ఆ/2 అవుతుంది. ఇద్దరి భూములకూ మధ్య కాగితం మీద ఉన్న గట్టు ఏమిటి? ‘ఆ’ అక్షరానికి కుడి కొసన ఉండే చిన్న మెలిక. ఉ-ఊ, ఎ-ఏ కూడా ఇలాంటివే. మామూలు అచ్చులో ఆ మెలిక అర మిల్లీమీటరు ఉంటే గొప్ప.

ఇప్పుడు లెక్క వేద్దాం. స్కానింగులో కొలత డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అని. 300 డీపీఐలో ఒక్కో చుక్క మిల్లీమీటరులో పన్నెండో వంతు. అర మిల్లీమీటరు మెలికకు ఆరు చుక్కలు దొరుకుతాయి, ఆకారం నిలబడుతుంది. అదే కాగితాన్ని ఫోన్‌లో తీసి వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే, అది పొడుగు వైపు సుమారు 1600 చుక్కలకు కుదించుకుపోతుంది. ఏ4 కాగితం పొడవు 11.69 అంగుళాలు. అంటే అంగుళానికి 137 చుక్కలు. ఫోటోలో చుట్టూ బల్లా చేతివేళ్లూ కూడా పడితే 100కు దిగుతుంది. అప్పుడు ఆ మెలికకు మిగిలేది రెండు మూడు చుక్కలు. దాని పైన జేపెగ్ కుదింపు. ఎనిమిదేసి చుక్కల గడులుగా బొమ్మను కోసి, ప్రతి గడిలోని సన్నని వివరాన్ని అది సర్దేస్తుంది. ఒక్కో గడిలో దాదాపు ఒక అక్షరం మొత్తం ఇరుక్కుంటుంది. ఆ తర్వాత ఎవరైనా దాన్ని చూసి 212/అ అని టైపు చేస్తే, ఆ తప్పు ఎవరిది?

ఎదుటివారి వాదంలో బలం లేదని నేను అనను. 300 డీపీఐలో ఏ4 కాగితం అంటే 2480 అడ్డం, 3508 నిలువు, మొత్తం 87 లక్షల చుక్కలు. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ కెమెరా తీసే బొమ్మలో కోటీ 20 లక్షలు ఉంటాయి. “మరి ఫోనే ఎక్కువ కదా?” అని అడుగుతారు. చుక్కల లెక్కలో ఎక్కువే. కానీ స్కానింగు చుక్కల లెక్కతో తేలేది కాదు, అది కొలత. తరాజులో ఎన్ని గుండ్లు వేశామన్నది ఎంత ముఖ్యమో, తరాజు సమంగా ఉందా అన్నది అంతే ముఖ్యం.

అద్దం పరిచిన పెట్టె లాంటి ఫ్లాట్‌బెడ్ స్కానరు మూత తీసి చూడండి. అద్దం కింద దీపం, అద్దాలు, కటకం, ఒక సన్నని సెన్సరు పట్టీ ఉంటాయి. కాగితం కదలదు. దీపం దాని కింద నడుస్తూ ఒక్కో వరుసనూ చదువుతుంది. చదవడానికి ముందు, మనకు కనబడని చోట అంటించిన తెల్లపట్టీని చూసి, ‘తెలుపంటే ఇదీ’ అని తన్ను తాను సరిచూసుకుంటుంది. మొదటి వరుసకు ఎంత వెలుగో చివరి వరుసకూ అంతే. నడిమధ్య ఎంత దూరమో మూలనా అంతే దూరం. వెలుగు ఏటవాలుగా పడుతుంది కాబట్టి మెరుపు సెన్సరులోకి తిరిగి రాదు. ఆ బొమ్మలో 300 చుక్కలు లెక్కపెడితే అది కచ్చితంగా ఒక అంగుళం.

ఫోన్‌కు ఇందులో ఏదీ లేదు. వెలుగు కిటికీ వైపు నుంచి వస్తుంది, నీడ మన చేతిదే పడుతుంది. మూలల్లో అక్షరం మసకబారుతుంది. చెయ్యి కాస్త వంగితే దీర్ఘచతురస్రం కాస్తా వంకర పోతుంది. స్కానింగు యాప్ దాన్ని మళ్లీ నిటారుగా లాగుతుంది, కానీ కొలిచి కాదు, అంచులు ఇక్కడ ఉండొచ్చని లెక్కగట్టి లాగుతుంది. చదువుకోవడానికి అది చాలు. నక్షాకు మాత్రం చాలదు. నక్షా మీద ఒక మిల్లీమీటరు జరిగితే నేల మీద కొన్ని మీటర్లు జరుగుతుంది. గట్టు పంచాయితీల్లో మీటరు ఎంత దూరం తీసుకుపోతుందో ఊళ్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కర లేదు.

రెండో మాట: “సరే, షాపులో మిషన్‌లోనే తీయించుకుంటాం. ఏ మిషనైతేనేం?” ఇది మొదటిదానికంటే ప్రమాదం, ఎందుకంటే ఇది జాగ్రత్తలా కనిపిస్తుంది.

స్కానర్లలో జాతులున్నాయి. ఫ్లాట్‌బెడ్‌లోనే రెండు రకాలు. సీసీడీ సెన్సరు ఉన్నవి ఒక రకం. 1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టిన ఆ సెన్సరుకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇందులో అద్దాలూ కటకమూ ఉంటాయి కనుక యంత్రం లావుగా, బరువుగా, ఖరీదుగా ఉంటుంది. అద్దానికి కొన్ని మిల్లీమీటర్లు ఎడంగా ఉన్నదాన్ని కూడా స్పష్టంగా చూస్తుంది. రెండోది సీఐఎస్. కాగితమంత వెడల్పున్న సెన్సరు పట్టీ అద్దాన్ని దాదాపు ఆనుకునే నడుస్తుంది. పలుచన, చవక, యూఎస్‌బీ తీగతోనే నడుస్తుంది. చవక ప్రింటర్లతో కలిసి వచ్చే స్కానర్లలో ఎక్కువగా ఉండేది ఇదే. కొత్త సాపు కాగితానికి ఇది చక్కగా సరిపోతుంది. కానీ అద్దానికి ఆనుకున్నదే దానికి కనిపిస్తుంది. మన సందుగలో ఉన్న కాగితం సాపుగా ఉంటుందా? నలభై ఏళ్ల కింద తెల్లకాగితం మీద రాసి నాలుగు మడతలు పెట్టిన సాదా బైనామా అది. మడత దగ్గర గుట్టలా లేస్తుంది. సీఐఎస్ కింద ఆ వరుస మసక. రాసినాయన చెక్కుబందీ రాసిన చోటే ఆ మడత పడి ఉంటే ఉత్తరాన ఎవరి భూమో, దక్షిణాన ఏ బాటో తెలియకుండా పోతుంది.

మూడో జాతి, కాగితాల కట్టను తనే లాక్కునే ఫీడర్ స్కానరు. నిమిషానికి ఇరవై, నలభై, అరవై పుటలు, రెండు వైపులా ఒకేసారి. బ్యాంకులకూ పరీక్ష పత్రాలకూ అది దేవుడిచ్చిన వరం. కానీ రబ్బరు రోలర్లు కాగితాన్ని గిల్లి లాగుతాయి. చెదలు కొరికిన పాత పహాణీ (భూమి రికార్డు) నకలు అందులో పెడితే చిరిగి బయటికొస్తుంది. పైగా అందులో సెన్సరు కదలదు, కాగితమే కదులుతుంది. సెన్సరు ముందున్న గాజు మీద ఒక్క దుమ్మురేణువు పడ్డా అది ప్రతి పుట మీదా పైనుంచి కిందిదాకా సన్నని గీతై సాగుతుంది. ఆ గీత ఒక అంకె మీదుగా పోతే 1 పుట్టుకొస్తుంది.

నాలుగోది, పుస్తకాన్ని వెల్లకిలా పెట్టి పైనుంచి తీసే ఓవర్‌హెడ్ స్కానరు. కుట్టు విప్పకుండా, అద్దానికేసి నొక్కకుండా రిజిస్టర్లు తీయడానికి పుట్టింది ఇదే. ఐదోది, నక్షాల కోసం అడుగుల వెడల్పున్న లార్జ్ ఫార్మాట్ స్కానరు. పాత పహాణీ ఏ4 కంటే వెడల్పు. దాన్ని చిన్న అద్దం మీద పెట్టి తీసినప్పుడు కోత పడేది అంచునే. అంచున ఉండేది రిమార్కుల గడి. కౌలుదారు పేరైనా, కోర్టు కేసు ముచ్చటైనా, చేతిమార్పిడి అయినా సాధారణంగా రాసేది అక్కడే. “ఏ మిషనైతేనేం” అన్న మాట ఆ గడిని కోసేస్తుంది.

మూడో మాట షాపులోనూ ఆఫీసులోనూ ఒకేలా వినిపిస్తుంది: “తెల్లటి కాగితం మీద నల్లటి అక్షరం, శుభ్రంగా రావాలి.” బ్లాక్ అండ్ వైట్ మీట నొక్కితే యంత్రం ప్రతి చుక్కనూ ఒకటే ప్రశ్న అడుగుతుంది: నలుపా, తెలుపా? ఒక హద్దు గీసి, దానికి అటుంటే నలుపు, ఇటుంటే తెలుపు అని తీర్పిస్తుంది. వెలిసిపోయిన ఊదా మొహరు తెలుపైపోతుంది. పెన్సిలు గీత తెలుపైపోతుంది. మరక మీద పడ్డ సంతకం మరకతోపాటే నల్లటి ముద్దవుతుంది. చేతి నిశానీ ఒక మచ్చవుతుంది. వేలిముద్రలు పోల్చడానికి ప్రపంచమంతటా వాడుకలో ఉన్న కొలత 500 డీపీఐ, అదీ బూడిద రంగు ఛాయలతో. చదువు రాని తాత బతుకంతటికీ దస్కతు ఆ బొటనవేలి ముద్ర ఒక్కటే. దాన్ని అంగుళానికి 137 చుక్కల మచ్చగా మార్చడం ఆయన దస్కతును తుడిచేయడమే.

హద్దు ఒకటే గీస్తే చాలదన్న పాఠం స్కానింగు పుట్టినరోజు నుంచే ఉంది. 1957లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో రస్సెల్ కిర్ష్ బృందం మొట్టమొదటిసారి ఒక ఫోటోను కంప్యూటరులోకి ఎక్కించింది. అది ఆయన మూడు నెలల కొడుకు ఫోటో. అడ్డం 176, నిలువు 176 చుక్కలు. ఆ యంత్రానికీ నలుపు, తెలుపు తప్ప ఇంకేం తెలియదు. అందుకని వాళ్లు హద్దు మార్చి మార్చి అదే ఫోటోను మళ్లీ మళ్లీ తీసి, కలిపి, బూడిద ఛాయలు రాబట్టారు. నడిమి ఛాయల విలువ వాళ్లకు ఆనాడే తెలుసు. రంగులన్నీ చదవగల యంత్రాన్ని బల్ల మీద పెట్టుకుని మనం ‘శుభ్రం’ పేరుతో వాటిని పారబోస్తున్నాం.

ఈ శుభ్రానికి ఇంకో ముఖం, మచ్చలు తీసే ఫిల్టరు. చిన్న చుక్క కనిపిస్తే దుమ్మనుకుని చెరిపేస్తుంది. నిజాం కాలంలో దఫ్తర్ భాష ఉర్దూ. ఆ పాత రికార్డులు మన భూములకు మూలాలు. ఉర్దూలో బే, పే, తే, సే అక్షరాల ఒళ్లు ఒకటే. కింద ఒక చుక్కుంటే బే, కింద మూడుంటే పే, పైన రెండుంటే తే, పైన మూడుంటే సే. ఆ చుక్కలను దుమ్మనుకుని తుడిచిన స్కాన్‌లో మనిషి పేరు మారిపోతుంది. మన తెలుగు పహాణీలోనూ అంతే. 2.05 అంటే రెండెకరాల ఐదు గుంటలు. ఆ నడుమ చుక్క చెరిగితే మిగిలేది 205. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. చుక్క ఒకటే, కానీ దాని వెనకున్నది నేల.

పెద్ద పెద్ద సంస్థలూ ఈ తప్పుకు అతీతం కావు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌రెడ్డి కార్నెగీ మెలన్ నుంచి నడిపించిన మిలియన్ బుక్స్ ప్రాజెక్టు తెలుగువాళ్లకు చేసిన మేలు చిన్నది కాదు. దాని డిజిటల్ లైబ్రరీ లేకపోతే ఎన్నో పాత తెలుగు పుస్తకాలు ఈపాటికి మన చేతికి అందేవి కావు. ఆ రుణం తీరదు. కానీ ఆ పుస్తకాలను 600 డీపీఐలో, ఉత్త నలుపు-తెలుపులో తీశారు. అక్షరం కోసం చేసిన ఎంపిక అది, అక్షరం బతికింది. ఫోటో ఉన్న పుట మాత్రం నల్లటి ముద్దయింది. రంగుల అట్టలు బొగ్గుపూత పూసినట్టయ్యాయి. అదే పుస్తకాన్ని మళ్లీ తీద్దామంటే అసలు ప్రతి ఎక్కడుంది? ఎంత చుక్కల సాంద్రత ఉన్నా రంగు పారేస్తే తిరిగి రాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర లేదు.

నాలుగో మాట అన్నిటికన్నా లోతుగా నాటుకుపోయింది: “మిషన్ అబద్ధం చెప్పదు.” మసకగా చూపితే చూపొచ్చు గానీ ఉన్న అంకెను ఇంకో అంకెగా మార్చదు కదా అని మన నమ్మకం. 2013 ఆగస్టులో ఈ నమ్మకం కూలిపోయింది. జర్మనీలో డేవిడ్ క్రీజెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, జిరాక్స్ వర్క్‌సెంటర్ యంత్రాల్లో స్కాన్ చేసిన ఇంటి ప్లానులో అంకెలు మారిపోయాయని బయటపెట్టాడు. మూడు గదుల వైశాల్యాలు కాగితం మీద వేర్వేరుగా 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు. స్కాన్‌లో మూడూ 14.13. ఇంకోచోట 6 కాస్తా 8 అయింది. కారణం జేబిగ్2 అనే కుదింపు పద్ధతి. పుట మీద ఒకేలా కనిపించే అక్షరాలను పోల్చి, ఒకదాన్ని దాచుకుని, మిగతా చోట్ల దాన్నే అతికిస్తుంది. ఫైలు చిన్నదవుతుంది. పోలికలో పొరబడితే 6 ఉన్న చోట 8 అతుకుతుంది. భయం ఎక్కడంటే, ఆ 8 మసకగా ఉండదు, నిగనిగలాడుతూ ఉంటుంది. అనుమానించడానికి ఏ ఆనవాలూ మిగలదు. కంపెనీ తర్వాత సాఫ్ట్‌వేర్ దిద్దింది. 2015లో జర్మనీ, స్విట్జర్లాండ్ నియంత్రణ సంస్థలు దాచిపెట్టే పత్రాలకు ఈ పద్ధతి పనికిరాదన్నాయి.

“అది జర్మనీ ముచ్చట, మనకెందుకు?” అంటారేమో. ఇంగ్లిషు అంకెల్లో 6, 8 ఎంత దగ్గరో, తెలుగులో అ, ఆ అంతకంటే దగ్గర. ‘ప’కూ ‘వ’కూ ‘మ’కూ నడుమ ఉండే తేడాను పరాయి యంత్రం ఎలా పట్టుకుంటుంది? గల్ఫ్‌కు పోయే మన పిల్లల పాస్‌పోర్టు తెరిచి చూడండి. ఫోటో పుట అడుగున 44 అక్షరాల వరుసలు రెండుంటాయి. యంత్రం చదవడానికే అచ్చేసిన ఆ వరుసల్లో, చదివింది సరైందో కాదో తేల్చే తనిఖీ అంకెలు కూడా ఇరికించారు. యంత్రం పొరబడుతుందని ముందే ఒప్పుకున్న తెలివి అది. మన సర్వే నంబరుకు అలాంటి తనిఖీ అంకె ఏదీ లేదు. అందుకే దాని స్కాన్ తప్పు లేకుండా ఉండాలి.

ఇక చివరి మాట: “స్కాన్ అయింది కదా, కాగితమెందుకు?” ఈ ఒక్కమాట విని ఎందరు సందుగ ఖాళీ చేశారో! 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా మొదట అడిగేది అసలు పత్రాన్నే. నకలుకు చోటుంది, కానీ ఎప్పుడు, ఎందుకు అన్న షరతులతో. ఎలక్ట్రానిక్ రికార్డు ఇచ్చేటప్పుడు సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఫైలుకు నిశానీ లాంటి హ్యాష్ విలువ కూడా రాయాలి. వాట్సాప్‌లో చేతులు మారి కుదించుకుపోయిన ఫోటో హ్యాష్ వేరు, మొదటి ఫైలు హ్యాష్ వేరు. డిజిలాకర్‌లో సైతం ప్రభుత్వ శాఖ నేరుగా జారీ చేసిన పత్రానికి అసలుతో సమాన విలువ. మనం ఫోటో తీసి ఎక్కించుకున్నదానికి ఆ విలువ లేదు. కలం ఎంత ఒత్తి రాసిందో, సిరా ఏ కాలానిదో, స్టాంపు కాగితంలో నీటిగుర్తు ఉందో లేదో నిపుణుడు చూడగలిగేది కాగితంలోనే.

2020 అక్టోబరు, నవంబరు నెలల్లో సాదా బైనామాల క్రమబద్ధీకరణకు రాష్ట్రమంతటా మీసేవలో దాదాపు 9 లక్షల దరఖాస్తులు పడ్డాయి. తెల్లకాగితం మీద రాసుకున్న మాటే ఆధారంగా బతికిన కుటుంబాలవి. మన ఊళ్ల నుంచీ వెళ్లాయి. వాళ్లలో ఒక్కరు “స్కాన్ ఉందిలే” అనుకుని కాగితం పారేసినా, అది చదువుకున్నవాళ్లం వాళ్లకు తప్పుడు ధైర్యం చెప్పిన ఫలితమే. పారేయడమే కాదు, లామినేషన్ చేయించడం కూడా కాగితానికి చావే. వేడి జిగురు ఒకసారి అంటుకుంటే మళ్లీ ఊడదు. బిల్లు మిషను నుంచి వచ్చే థర్మల్ రసీదులను ఆ వేడిలో పెడితే పుటంతా నల్లబడుతుంది.

“చెప్పేవాడికి పైసలున్నాయి, పేదోడి దగ్గర ఫోనే ఉంది” అనే వాదం నన్ను నిజంగా ఆపుతుంది. మగ్గం బందు పెట్టి సిరిసిల్ల పోతే నేతకార్మికుడికి ఒకరోజు కూలి పోతుంది. ఆయన్ను తప్పుబట్టడానికి నాకు నోరు రాదు. నేను తప్పుబడుతున్నది ఆయన చేతిలో ఫోన్ పెట్టి “ఇదే స్కాన్” అన్న మనల్ని. మన దరఖాస్తు పోర్టళ్లు ఏం చేస్తున్నాయి? కొన్నయితే ఫైలు 200 కేబీ దాటొద్దంటాయి. 300 డీపీఐ రంగుల ఏ4 పుట కుదించకముందు 26 ఎంబీ. దాన్ని 130వ వంతుకు నలిపితే తప్ప లోపలికి రానివ్వని గడప అది. మంచి స్కాన్ తెచ్చినవాడి కాగితాన్నీ అది గుడ్డిది చేస్తుంది. చవకైన యాప్‌ల సంగతీ తెలిసిందే. క్యామ్‌స్కానర్ ఆండ్రాయిడ్ యాప్‌లో హానికర కోడ్ ఉందని 2019లో కాస్పర్‌స్కీ చెప్పింది. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో అదొకటి. అప్పటికి ఎందరి ఆధార్‌లు, పాసు పుస్తకాలు దాని గుండా పోయాయో!

కనుక నా కోరిక ఇది. ప్రతి మండల కేంద్రంలో, గ్రంథాలయంలోనో పంచాయతీలోనో, ఒక సీసీడీ ఫ్లాట్‌బెడ్ ఉండాలి. అది నడిపేవాళ్లకు నాలుగు మాటలు నేర్పాలి: 300 డీపీఐకి తగ్గొద్దు, నిశానీ ఉంటే 500కు తగ్గొద్దు, రంగులోనే తీయాలి, ఏ ఫిల్టరూ వద్దు. పోర్టళ్లు ఫైలు హద్దు పెంచాలి. ఫోన్ తప్ప గతిలేనప్పుడు కాగితాన్ని పగటి వెలుగులో, నీడ పడని చోట, సాపుగా పరిచి, ఫ్లాష్ ఆపి, నేరుగా పైనుంచి తీయాలి. వాట్సాప్‌లో పంపితే ఫోటోగా కాదు, డాక్యుమెంటుగా పంపాలి. తీసినాక కాగితాన్ని ఇనుప పిన్ను లేకుండా, మడత లేకుండా, తడి తగలని చోట దాచాలి.

ఇవాళ రాత్రి ఇంట్లో సందుగ తెరవండి. పాత కాగితం తీసి, ఫోన్‌లో ఉన్న దాని ఫోటో పక్కన పెట్టి, సర్వే నంబరు దగ్గర వేళ్లతో పెద్దది చేసి చూడండి. పక్కవాళ్ల భూమినీ మీ భూమినీ వేరుచేసే ఆ మెలిక కనిపించకపోతే, మీ దగ్గర ఉన్నది ఇంకా స్కాన్ కాదు. పొద్దున్నే మళ్లీ తీయించండి.